మామయ్య ఒప్పుకున్న నెట్‌వర్క్

మా స్యూఖిమ్ అత్త బతికున్నవాళ్ళ మాట వినదు. ఏ సలహా అయినా పదకొండేళ్ళ క్రితం పోయిన మామయ్యే చెప్పాలి. ఆయన పటం ముందు అర్ధచంద్రాకారపు ఎర్ర చెక్కలు రెండు విసురుతుంది. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే సరే. రెండూ బోర్లా పడితే వద్దు. రెండూ వెల్లకిలా పడితే ఆయన నవ్వుతున్నట్టు.

లూకాంగ్ పట్టణంలో ఆమెకున్న కర్పూరం సబ్బుల దుకాణంలో నేను పార్సిళ్ళు కడతాను. బడి మానేసి వచ్చిన నన్ను పనిలో పెట్టుకోవడానికీ చెక్కలు వేసింది. మూడుసార్లు వద్దన్నాడట. నాలుగోసారి విసిగి ఒప్పుకున్నాడట.

మా సబ్బుల గురించి ఇంటర్నెట్‌లో రాసేవాళ్ళ లింకు నొక్కి ఎవరైనా కొంటే, రాసినవాళ్ళకు కమిషన్ వెళ్ళాలి. ఆ పని చూసే అఫిలియేట్ నెట్‌వర్క్ నెలాఖరుకు మూతపడుతోంది. ఈలోగా ఇంకోటి ఎంచుకోకపోతే అమ్మకాలు ఆగుతాయి, నా పనీ పోతుంది. పైగా అది మా పంచాంగంలో ఏడో నెల, పోయినవాళ్ళు ఇళ్ళకొచ్చేలా ప్రేతాల వాకిలి తెరిచి ఉండే నెల.

"ఈ నెలలో ఒప్పందాలేంటి అత్తా?" అన్నాను.

"సలహా చెప్పేవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు కదే! ఇంతకన్నా మంచి రోజులెక్కడ దొరుకుతాయి?"

పెద్ద నెట్‌వర్క్ తరఫున లియావ్ అనే అబ్బాయి వచ్చాడు. అత్త మూడు కప్పుల టీ పోసింది. అతను మూడో కప్పు అందుకోబోయాడు.

"అది నీ పక్కన కూర్చున్నాయనది."

లియావ్ గబుక్కున పక్కకి జరిగాడు.

"అటు కాదు నాయనా! ఇప్పుడు ఆయన ఒళ్ళో కూర్చున్నావు."

పాపం, మిగతా మాటలన్నీ నిలబడే చెప్పాడు. అత్త ఒక్కటే అడిగింది.

"రాసే మనిషి పోతే ఏం చేస్తారు?"

"పోయినవాళ్ళ లింకులు తీసేస్తామండీ."

చెక్కలు వేసింది. సరే అని పడింది.

"చూశారా, సార్ ఒప్పుకున్నారు!" లియావ్ మొహం వెలిగింది.

"ఆయనకి చెవుడు. మళ్ళీ అడగాలి."

మర్నాడు తైచుంగ్ నగరంలోని ఓ చిన్న నెట్‌వర్క్‌కు ఫోన్ చేసి అదే ప్రశ్న వేసింది. "ఆ లింకులు వారసుల పేరు మీదికి మారుస్తామండీ. కమిషన్ వాళ్ళకే పంపుతాం" అంది అవతలి పిల్ల. చెక్కలు మాత్రం వద్దన్నాయి. మళ్ళీ వేస్తే మళ్ళీ వద్దన్నాయి.

బయట వాన. లోపల సబ్బులు కడుతున్న నాకు ఆర్డరు గంట వినిపించింది. తెరమీద చూశాను. లింకు పేరు: బీహ్వా. మా సబ్బుల గురించి రాసే బీహ్వా అక్క మూడో నెలలోనే పోయింది. అంత్యక్రియలకు నేనూ వెళ్ళాను.

"అత్తా... బీహ్వా అక్క ఆర్డరు పంపింది."

"తెలుసు. రోజూ పంపుతూనే ఉంది. పాపకి బూట్లు బిగుతయ్యాయట."

బీహ్వా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. ఊళ్ళోనే అమ్మమ్మ దగ్గర ఉంటుంది. బూట్ల సంగతి ఎవరు చెప్పారని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అత్త మూడోసారి విసిరింది. పార్సిళ్ళ సందులోంచి చూస్తున్నాను. రెండూ బోర్లా. అత్త అటూ ఇటూ చూసి, ఒకదాన్ని కాలి బొటనవేలితో వెల్లకిలా తిప్పింది.

"ఇంటర్నెట్ సంగతి నీకేం తెలుసు? ఊరుకో!" అని పటాన్ని కసిరి, గొంతు పెంచింది. "ఒసే, మామయ్య ఒప్పుకున్నాడే!"

నా నాలుగోసారి ఎలా పడిందో అప్పుడు అర్థమైంది.

అత్త వీధిలోకెళ్ళి తైచుంగ్ పిల్లతో ఫోన్‌లో అరుస్తోంది. నేను చెక్కలు తీద్దామని వంగాను. రెండూ వెల్లకిలా ఉన్నాయి. అత్త ఒకదాన్ని తిప్పాక ఇద్దరిలో ఎవరమూ వాటిని ముట్టుకోలేదు.

వాటిని తుడిచి పటం ముందు పెట్టి, మామయ్య కప్పులో ఇంకాస్త టీ పోశాను.