బుచ్చవ్వ దగ్గనంది

మహదేవపూర్ బుచ్చవ్వకు కొడుకు పంచి ఇచ్చిన కాలేయం అమర్చి మూడు రోజులైంది. ఒంటికి అయిదు గొట్టాలున్నా, నర్సు తల దువ్వబోతే దువ్వెన లాక్కుని కొప్పు తానే ముడుచుకుంటుంది. గట్టిగా దగ్గి కఫం తీయకపోతే గొంతులో మళ్ళీ గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టర్ హెచ్చరించాడు. "కుట్లు పిగులుతయి. నేను దగ్గ," అని వైద్యశాస్త్రానికి తన తీర్పు వినిపించి ఆమె కళ్ళు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే ఐసీయూలోకి వచ్చిన చెల్లెలు సారక్క, ఆ గొట్టాలనూ మూసిన కళ్ళనూ చూసి అంతా అయిపోయిందనుకుంది. ఆచారం ప్రకారం పోయినవారి గుణగణాలు ఏకరువు పెడుతూ శోకం అందుకుంది: "ఓ అక్కా! వరి నాట్లల్ల నువ్వు ఎన్కబడ్డా నా ఎంబడే ఉంటివి గదనే అక్కా!" బుచ్చవ్వ కళ్ళు తెరిచింది. "ఎవతెనే..." అనబోతే కఫం అడ్డొచ్చింది. కడుపుకు దిండు అదుముకుని, వార్డు అదిరేలా దగ్గి, దాన్ని ఉమ్మేసి మాట పూర్తిచేసింది: "...ఎన్కబడ్డది?" సారక్క ముందు జడుసుకుంది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. "నువ్వేనే. ఎప్పుడన్న నన్ను దాటినవా?" బుచ్చవ్వ జవాబు చెప్పడానికి మళ్ళీ దగ్గింది. ఎవరినీ అయిదు నిమిషాలకు మించి ఉండనివ్వని నర్సు, సారక్కకు కుర్చీ వేసింది.