సోలార్ పలకకు పసుపు

ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉందనగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం నాడు నేను పెనుకొండలో పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకుడిగా చేరాను. మా శాఖలో పశువుకు సూది వేసేవాడు పశువైద్యాధికారి. అలాంటి వాళ్లు పదిమంది మీద ఉండేవాడు సహాయ సంచాలకుడు. అంటే సూది వదిలిపెట్టి పెన్ను పట్టుకోవలసిన హోదా అన్నమాట. నాకు ఆ మార్పు అంతగా రుచించలేదు. దానికి తోడు ధర్మవరంలో కుర్చీ ఖాళీగా ఉండడంతో ఆ ప్రాంతాన్ని కూడా 'పూర్తి అదనపు బాధ్యత' అనే పేరుతో నా నెత్తిన పెట్టారు. ప్రభుత్వ భాషలో ఈ మాటకు అర్థం, పని రెండింతలు, జీపు ఒకటే అని.

ఆ హోదాలో నాకు నచ్చిన పని ఒక్కటే ఉండేది, కొత్తగా చేరిన డాక్టర్లకు తరగతులు చెప్పడం. మా వృత్తిలో రోగి నోరు విప్పడు కాబట్టి యజమాని చెప్పేదే ఆధారం. దాన్ని 'రోగ చరిత్ర' అంటాం. హిందూపురం ఆసుపత్రిలో పనిచేసేటప్పుడు కడుపుబ్బి నిలబడలేకపోతున్న గేదెను ఒకాయన తీసుకొచ్చాడు. "ఏమన్నా పెట్టినావా అప్పా?" అని అడిగాను. "ఏం పెట్టల్యా సార్" అన్నాడు. గంటసేపు కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, ముందురోజు వాళ్లింట్లో పెళ్లి. మిగిలిన అన్నం, పప్పు, ఒక గంప ఓళిగలు (అవే, బొబ్బట్లు) ఆ గేదె ముందే పోశారు. ఇంట్లో మిగిలింది గేదెకు వేయడం రోజూ ఉండేదే కదా, అది 'పెట్టడం' కింద ఆయన లెక్కకు రాలేదు. ఈ కథ చెప్పి, "ఏమీ లేదు అన్న మాటను ఎప్పుడూ రిజిస్టరులో రాయకండి" అని పిల్ల డాక్టర్లకు బల్లగుద్ది చెప్పేవాణ్ణి. ఎంత బల్లగుద్దానో ఆ తర్వాత నాకే తెలిసొచ్చింది.

ఆ ఏడు నాకు అప్పగించిన ముఖ్యమైన పని, తిరిగే మందలకు పారుడు వ్యాధి టీకా వేయించడం. గొర్రెలకు జ్వరం, ముక్కు కారడం, ఆపైన ఆగని పారుడు. మందలో చొరబడిందంటే ఊడ్చిపెట్టుకుపోతుంది. టీకాకు రెండు షరతులున్నాయి. సీసా ఎప్పుడూ మంచులో ఉండాలి, మందు కలిపాక రెండు గంటల్లోపు మొత్తం వేసేయాలి. ఊళ్లో దొడ్లలో ఉండే గొర్రెలతో పేచీ లేదు. తిరిగే మంద ఈ రాత్రి ఒక చేలో, రేపు రాత్రి ఇంకో గుట్ట వారన ఉంటుంది. తెల్లవారి మేతకు వదలకముందే పట్టుకోవాలి. వదిలాక డైరెక్టరుగారు వచ్చినా దొరకవు.

ఆ మందల్లో పెద్దది సంజీవప్పది. మడకశిర వైపు మనిషి, ఒకే వాక్యంలో సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేవాడు. ఆయన, భార్య ఓబులమ్మ, సామాను మోసే ఒక గాడిద, మూడు వందల గొర్రెలు. అదే వాళ్ల సంసారం, ఆస్తి, రేపటి అన్నం. పెనుకొండ దాటి ధర్మవరం మీదుగా ముదిగుబ్బ దిక్కుకు మేపుకుంటూ పోతారు. మొదటిసారి ఆయన చెప్పిన చోటికి మంచుపెట్టెతో వెళ్తే మంద లేదు. ఫోను చేస్తే వేరే ఎవరో ఎత్తారు.

"ఫోను ఈడ మా టీ అంగట్లో ఛార్జింగులో ఉండాది సార్. ఆయప్ప నిన్ననే పాయె, మర్చిపోయినట్లుండాడు" అన్నాడు.

ఫోను ఒక ఊళ్లో, మంద ఒక ఊళ్లో. ఆ రోజు మంచు కరిగి టీకా సీసాలన్నీ పారబోశాను. ఎందుకు పారబోశానో మూడు కాపీల్లో సంజాయిషీ కూడా రాసుకున్నాను. ఆ మూడో కాపీ రాస్తున్నప్పుడే అనుకున్నాను, ఈ మనిషికి టీకా కంటే ముందు ఛార్జింగు కావాలని. శాఖకు ఇండెంటు పెడితే నేను రిటైరయ్యాక వస్తుంది. అందుకని నేనే తయారు చేయాలని తీర్మానించుకున్నాను. వైరు చివర పీకడం కూడా రాని నాకు అంత ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ అర్థం కాదు.

పలక ఒక రైతు ఇచ్చాడు. అడవి పందులు రాకుండా చేను చుట్టూ కట్టిన తీగకు షాకు ఇచ్చే ఝట్కా యంత్రం పిడుగుకు కాలిపోయి, దాని పది వాట్ల సోలార్ పలక మాత్రం మిగిలింది. దాన్ని చంకన పెట్టుకుని హిందూపురంలో ఫోన్లు, రేడియోలు బాగుచేసే మస్తాన్ దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు ఆయన మేకకు కాన్పు కష్టమైతే నేనే బయటపడేశాను, అప్పటి నుంచి స్నేహం. మీటరు పెట్టి చూపించాడు. ఎండలో పలక ఇరవై వోల్టులు ఇస్తోంది. ఫోనుకు కావలసింది ఐదు.

"నేరుగా తగిలిస్తే ఫోను కాశీకి పోతాది సార్" అన్నాడు.

మధ్యలో ఇరవైని ఐదుగా దించేది ఒకటి ఉండాలి. అది కొత్తగా కొననక్కర్లేదు, కార్లలో పెట్టుకునే మొబైల్ ఛార్జరు పగలగొడితే లోపల చిన్న బోర్డు ఉంటుంది, అదే ఆ పని చేస్తుంది. దాన్ని పలకకు అతికించి మా మేడ మీద పెట్టాను. ఫోను 'టింగ్' అంది, నా ఆనందానికి అంతులేదు. మబ్బు తునక అడ్డం వచ్చింది, ఆగిపోయింది. మబ్బు జరిగింది, మళ్లీ టింగ్. మధ్యాహ్నం దాకా టింగుమంటూనే ఉంది తప్ప ఛార్జింగు మాత్రం ఎక్కలేదు. ఆ చప్పుడు భరించలేక మా ఆవిడ, గొర్రెల ఫోను గొర్రెల దగ్గరే పెట్టమని కిందినుంచి కేకేసింది.

అందుకు మందు, మధ్యలో బ్యాటరీ పెట్టడం. కంప్యూటర్ల యూపీఎస్‌లో ఉండే పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి తెచ్చాం. పలక బ్యాటరీని నింపుతుంది, బ్యాటరీ నిదానంగా ఫోనును నింపుతుంది. రాత్రిపూట బ్యాటరీలోది వెనక్కి పలకలోకి కారిపోకుండా డయోడు అనే చిన్న ముక్క ఉండాలట. గుండెలో రక్తం వెనక్కి పోకుండా కవాటాలు ఉంటాయి కదా, ఇదీ అంతే. ఇది నాకు తెలిసిన సంగతేనని మురిసిపోయి నేనే అతికించాను. దాని మీద వెండి గీత ఉన్న వైపు బ్యాటరీకి ఉండాలి. నేను తిప్పి పెట్టాను. రోజంతా ఎండబెట్టినా బ్యాటరీలోకి చుక్క దిగలేదు. మస్తాన్ చూసి, "గొర్రెలకు కూడా తోక పక్క నుంచే చూస్తారా సార్?" అని ఆట పట్టించాడు. బ్యాటరీ నిండాక ధార ఆపే ఒక చిన్న బోర్డు, ప్లస్ వైరులో ఒక ఫ్యూజు ఆయనే పెట్టాడు. ఇవన్నీ మూత విరిగి మూలపడ్డ టీకాల పెట్టెలో సర్దాం. పలకను గాడిద సామాను మీద ఆకాశం వైపు కట్టేలా తాళ్లు అమర్చాం.

సంజీవప్పకు ఇచ్చాం. అద్భుతంగా పని చేసింది. రోజూ పొద్దున ఏడింటికి సంజీవప్ప ఫోను చేసేవాడు. "బాగుండారా సార్, ఈ పొద్దు బత్తలపల్లి పక్క ఉండాము, గొర్రెలు బాగుండాయి, గాడిద బాగుండాది" అని వరుసగా అందరి క్షేమం చెప్పేవాడు. నాకు ఏ కలెక్టరు మెచ్చుకున్నా అంత గర్వం కలిగేది కాదు. టీకా సరుకు మాత్రం జిల్లా నుంచి మళ్లీ రావడానికి ఆగస్టు దాటింది.

సరుకు వచ్చిన వారమే ముదిగుబ్బ దిక్కున ఒక మందలో పారుడు వ్యాధి బయటపడింది. అంతకు రెండు మూడు వారాల ముందు నుంచే సంజీవప్ప ఫోన్లు పలచబడ్డాయి. గురువారం నాడు ఎలాగో దొరికాడు. శనివారం తెల్లవారి టీకాతో వస్తాను, శుక్రవారం సాయంత్రం ఏ చేలో ఉన్నారో చెప్పమన్నాను. ముదిగుబ్బలో రోగం ఉంది, ముందుకు పోవద్దు అనబోయేలోగా ఫోను ఆగిపోయింది. శుక్రవారమంతా అదే తీరు. ఆయన తన దారిన తాను మూడు వందల జీవాలను నేరుగా రోగం దగ్గరికి తోలుకుపోతున్నాడు, చెప్పే దారి లేదు.

శనివారం తెల్లవారగానే మంచుపెట్టెతో, మా సిబ్బందితో జీపులో బత్తలపల్లి చుట్టుపక్కల బీళ్లన్నీ గాలించాం. తొమ్మిదింటికి దూరంగా గుట్ట కింద ఏదో తళుక్కుమంది. గాడిద మీద పలక! ఛార్జింగు ఇవ్వకపోయినా అద్దంలా పనికొచ్చింది. మంద అప్పుడే ముదిగుబ్బ బాట పట్టింది. ఆపి, జ్వరాలు చూసి, ఒక్కటి కూడా జబ్బు పడలేదని తేలాక మందు కలిపాను. కుర్చీ హోదా పక్కనపెట్టి నేనూ సిరంజి పట్టాను. రెండు గంటల గడువుకు పది నిమిషాలు ఉందనగా చివరి గొర్రె అయిపోయింది.

అంతటితో తీరలేదు. టీకా వేసినా బలం పట్టడానికి రెండు వారాలు పడుతుంది. అందాకా ఈ మంద, ఆ జబ్బు మంద ఎదురుపడకూడదు. అవతలి మంద ఎటు కదిలితే ఇవతలి మందను దానికి ఎడంగా జరపాలి. అదంతా ఫోను మీదే జరగాలి. అంటే ఛార్జరు ఇప్పుడే, ఇక్కడే బాగుపడాలి.

పెట్టె విప్పాను. ఫ్యూజు బాగానే ఉంది. తీగలు తెగలేదు. డయోడు గీత సరైన వైపే ఉంది. సంజీవప్పను, ఓబులమ్మను అడిగాను, దీన్ని ఏమన్నా చేశారా అని.

"ఏం చేయల్యా సార్. బిడ్డ మాదిరి చూసుకుంటాండాము" అంది ఓబులమ్మ.

మస్తాన్‌కు ఫోను చేశాను. జీపులో వెంట తెచ్చుకున్న మీటరు ఆయన చెప్పినట్టు పెడితే పందొమ్మిది వోల్టులు చూపించింది. తర్వాత మీటరును ఆంపియర్లకు తిప్పి పెట్టమన్నాడు. దాదాపు సున్నా.

"ప్రాణం ఉండాది, బలం లేదు సార్. పలక మీద ఏమన్నా పడిందా? మట్టి?"

"ఏమీ లేదు మస్తాన్."

"ఆకులు, కాకి రెట్ట?"

"ఏమీ లేదంటే."

"బాగా చూడండి సార్, ఏమన్నా ఉండాదా?"

"అద్దంలా ఉందయ్యా, ఏమీ లేదు!" అని కసిరాను.

ఆయన ఒక ఫొటో తీసి పంపమన్నాడు. పంపాను. నిమిషంలో ఫోను మోగింది. అవతల నవ్వు ఆగడం లేదు.

"ఏమీ లేదంటారే సార్! అంత పసుపు ఉండాదే!"

అప్పుడు చూశాను. అప్పటిదాకా నా ముక్కు ముందే ఉంది. పలక కింది వరుస పొడవునా, గడపకు రాసినట్టు మందంగా పసుపు, మధ్య మధ్య కుంకుమ బొట్లు. ఈ పలకలో గదులన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయని, ఒక్క వరుసకు ఎండ తగలకపోయినా మొత్తం ధార ఆగుతుందని మస్తాన్ చెప్పాడు. మీటరుకు వోల్టులు కనిపిస్తూనే ఉంటాయి, పని మాత్రం జరగదు. అడిగితే ఓబులమ్మ దాచకుండా చెప్పింది. శ్రావణ మాసం మొదటి శుక్రవారం నుంచి ప్రతి శుక్రవారం పసుపు రాస్తూనే ఉంది. పూత మీద పూత పడింది, ఛార్జింగు వారం వారం తగ్గింది. మా పుస్తకాల్లో దీన్ని నెమ్మదిగా ముదిరే జబ్బు అంటారు.

"మరి ఏం చేయలేదన్నావే అమ్మా?"

"పసుపు పెట్టేది చేసేదెట్లయితాది సార్? ఇంట్లో ఉంటే గడపకు పెడతా. ఈడ మాకు గడప యాడుండాది? దీని పుణ్యాన మా ఆడబిడ్డతో మాట్లాడతాండా. ఇదే మా గడప అనుకుంటి."

తుడిచేయమని చెప్పడానికి నోరు రాలేదు, శ్రావణ మాసం పెట్టిన పసుపు. స్పీకర్లో వింటున్న మస్తానే దారి చూపించాడు.

"అక్కా, అద్దం దాని మొగం. చుట్టూ ఉండే అల్యూమినియం పట్టీ దాని గడప. మొగానికి ఎండ తగలనీ, గడపకు నీ ఇష్టం వచ్చినంత పసుపు పెట్టు."

ఓబులమ్మ ఆలోచించింది. "గడప యాడుండాదో ముందే చెప్పాల గదా" అని నన్నే కేకలేసింది. కొంగు తడిపి అద్దాన్ని తనే తుడిచింది, పట్టీకి కొత్తగా పసుపు రాసి బొట్టు పెట్టింది. మీటరు అర ఆంపియరు చూపించింది. నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. మధ్యాహ్నానికి ఫోను ప్రాణం పోసుకుంది. సంజీవప్ప మొదటి కాల్ నాకే చేశాడు, నాలుగు అడుగుల దూరంలో నిలబడి. "బాగుండారా సార్, గొర్రెలు బాగుండాయి" అన్నాడు.

ఆ పూటే మందను పెనుకొండ గుట్టల వైపు తిప్పించాను. తర్వాతి రెండు వారాల్లో అవతలి మంద రెండుసార్లు ఇటు జరిగింది. రెండుసార్లూ సంజీవప్పను ఫోను మీదే పక్కకు జరిపాను. ఆయన మందలో ఒక్క పిల్ల కూడా పోలేదు.

ఆ ఉదంతం తర్వాత తరగతిలో నా పాఠం మార్చుకున్నాను. 'ఏమన్నా పెట్టావా' అని అడిగితే జవాబు 'ఏమీ లేదు' అనే వస్తుంది. అది అబద్ధం కాదు, అలవాటైన పని పని కింద లెక్కకు రాదు, అంతే. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పించాలి, ఆ తర్వాత మన కళ్లతో చూడాలి. ఉదాహరణకు ఇప్పుడు గేదె కథ చెప్పడం లేదు. ముప్ఫై ఏళ్ల అనుభవంతో ఇదే పాఠం చెప్పిన ఒక డాక్టరు, పసుపు పూసిన పలకను చేత్తో పట్టుకుని, దాని మీద ఏమీ లేదని మూడుసార్లు చెప్పిన కథ చెబుతున్నాను.