పిలుపుల బంట్రోతు సొంత మాట

ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన కోర్టు గుమ్మంలో నిలబడి ఊళ్ళోవాళ్ళ పేర్లు పిలిచాడు. బంట్రోతు ఉద్యోగం. ఒక్కో పేరూ మూడుసార్లు. వరండా చివర టీ తాగుతున్న సాక్షి గ్లాసు కింద పెట్టి పరుగెత్తుకొచ్చేవాడు. అంత గొంతు. ఆ గొంతులోంచి సొంత మాట మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు. ఇంట్లో ఇద్దరి మాటలూ భార్యే మాట్లాడేది. పాలవాడితో, ఇంటివాడితో, ఆఖరికి డాక్టరుతో కూడా "ఈయనకి కడుపులో మంటండీ" అని ఆవిడే చెప్పేది.

రిటైరయ్యాక ఆ గొంతుకు కొత్త గిరాకీ తగిలింది. వార్డు కౌన్సిలర్ సభ పెట్టినప్పుడల్లా కబురు పంపేవాడు. జనం గోల చేస్తే ఈయన లేచి "నిశ్శబ్దం!" అనాలి. అంతే. అందుకు ముందు వరసలో కుర్చీ. "నువ్వుంటే మైకు దండగ బాబాయ్" అని కౌన్సిలర్ భుజం తడితే వారం రోజులు నేల మీద నడిచేవాడు కాదు.

ఆ వార్డును రైలు పట్టాలు రెండుగా కోస్తాయి. ఇవతల ఇళ్ళు, అవతల ఆసుపత్రి, బడి. పట్టాల మీది మెట్ల వంతెన పాతబడిందని రెండేళ్ళ కిందట పడగొట్టారు. ఆరు నెలల్లో కొత్తది కడతామన్నారు. అప్పట్నుంచీ జనం పట్టాలు దాటే పోతున్నారు. ఆయన భార్య అవతలి ఆసుపత్రిలో ఆయా. టిఫిన్ క్యారియర్ పట్టుకుని రోజూ కంకర మీద తూలుతూ దాటుతుంది.

ఒక సభలో, వెనక కూర్చున్న కూరగాయల ఆవిడ ఆయన వీపు మీద పొడిచింది.

"అన్నా, అంత దగ్గర కూర్చున్నావు. వంతెన సంగతి అడగొచ్చుగా?"

ఏ ధైర్యం వచ్చిందో, లేచాడు. నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ కౌన్సిలర్ పేరు బయటికొచ్చింది. ఇంకోసారి వచ్చింది. మూడోసారీ వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. కౌన్సిలర్ చెయ్యెత్తి "హాజరయ్యానండీ!" అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది.

ఆ తర్వాత రెండు రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు. భార్య చూసి చూసి అంది: "నవ్విన నాపచేనే పండుతుందంటారు. కానీ చేను ఊరికే పండదుగా. దున్నాలి."

గ్రంథాలయం పైగదిలో ఆదివారం ఉదయం ఉపన్యాసం నేర్పిస్తారని ఆవిడే వాకబు చేసింది. నేర్పేది రిటైరైన లెక్కల టీచరమ్మ. ఒక బిస్కెట్ల డబ్బాలో చీటీలు. చీటీ తియ్యాలి, అందులో ఏముంటే దాని మీద రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆయనకు మొదట వచ్చింది గొడుగు.

"గొడుగు!" అన్నాడు, కిటికీ రెక్కలు అదిరేలా. కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. "ఎవరి గొడుగు?" అని అడిగింది టీచరమ్మ.

"కోర్టులో... ఒకావిడ మర్చిపోయిందండి."

"మళ్ళీ వచ్చి తీసుకుందా?"

"లేదండి. ఆ రోజు కేసు ఓడిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం ముఖం చూడలేదు."

"చూశారా, మాట్లాడేశారు! చూసింది చెప్పండి, కావలసింది అడగండి. మధ్యలో మాట దొరక్కపోతే కంగారుపడి చెత్త పోయకండి. ఆగండి. ఎవరూ పారిపోరు."

ఐదు నెలలు ఒక్క ఆదివారం మానలేదు. ఇంట్లో భార్య వంట చేస్తూ మాటలు విసిరేది: "చీపురు!", "పంటినొప్పి!", "పక్కింటి కుక్క!" కుక్క మీద ఎంత బాగా అందుకున్నాడంటే, పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి "మా కుక్క ఏం చేసిందండీ?" అని అడిగాడు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. మళ్ళీ సభ. వార్డు మొదట్లో పెద్ద స్వాగత ద్వారం కట్టిస్తానని కౌన్సిలర్ ప్రకటించాడు. జనంలో గొణుగుడు లేచింది. కౌన్సిలర్ ఈయన వైపు కనుసైగ చేశాడు.

"నిశ్శబ్దం!"

హాలు సద్దుమణిగింది. ఆయన కూర్చోలేదు. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు అలాంటి ఆలోచనే లేదు. కానీ అంత నిశ్శబ్దం తన చేతుల్లో ఉంటే దాన్ని ఇంకొకరికి అప్పగించబుద్ధి కాలేదు.

"మొన్న మంగళవారం మా ఆవిడని పట్టాలు దాటించి అక్కడే నిలబడ్డాను," అన్నాడు, మామూలు గొంతుతో. "గంటలో నూట పద్నాలుగు మంది దాటారు. నెలలు నిండిన ఒకమ్మాయిని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని కంకర మీద నడిపించారు. సగంలో ఉండగా రైలు కూత వినపడింది. ఆ పిల్ల పరుగెత్తలేదు, వెనక్కి రాలేదు. రైలు వచ్చేలోపు ఎలాగో దాటించారు. కానీ దాని ముఖం నేను చూశాను."

కౌన్సిలర్ మనిషి వచ్చి చొక్కా లాగాడు. "కూర్చో బాబాయ్."

"వదులు, చిరుగుతుంది."

కౌన్సిలర్ నవ్వాడు. "ఇదంతా ఎవరు రాసిచ్చారు బాబాయ్ నీకు?"

మాట పోయింది. ఆయన ఆగాడు. ఎవరూ పారిపోలేదు.

"నాకెవరూ రాసివ్వలేదు. మీకే మేం రాసిచ్చాం. మూడు అర్జీలు. మాకు ద్వారం వద్దు, మెట్లు కావాలి. పని ఏ తేదీన మొదలుపెడతారు?"

"చూద్దాంలే, పైవాళ్ళతో మాట్లాడి..."

"చూద్దాం అనేది తేదీ కాదండి."

"తేదీ చెప్పు!" అంది కూరగాయల ఆవిడ వెనకనుంచి. ఇంకెవరో అందుకున్నారు. వేరే సభ ఉందని కౌన్సిలర్ లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక ఆయన గుమ్మంలోనే కూర్చుని జరిగిందంతా చెప్పాడు. భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "ఇంత మాట్లాడగలిగి, ఇన్నేళ్ళూ నా చేత వాగించారా!" అంది. అని కళ్ళు తుడుచుకుంది.

ముందు వరస కుర్చీ పోయింది. "ఇకమీదట పిలిచినప్పుడే రా" అని కౌన్సిలర్ మనిషి గుమ్మంలోనే చెప్పాడు. "పిలిచే ఉద్యోగం నాది. నన్నొకరు పిలవక్కర్లేదు" అన్నాడాయన. ఎదుటి పార్టీవాళ్ళు దండతో వచ్చి, తమ వేదిక ఎక్కమన్నారు. "గెలిచాక మిమ్మల్నీ ఇదే అడుగుతాను, సరేనా?" అన్నాడు. వాళ్ళు దండ తీసుకుని వెళ్ళిపోయారు.

ద్వారం ఆగిపోయింది. ఎన్నికల్లో పాత కౌన్సిలరే గెలిచాడు. నాలుగు నెలలకు ఇవతలి వైపు మెట్లు లేచాయి. అవతల ఉత్త స్తంభాలే నిలబడి ఉన్నాయి. తర్వాతి సభను ఆయనకు తెలియకుండా ఒక గంట ముందుకు జరిపారు. కూరగాయల ఆవిడ కబురు చేస్తే సగం అన్నంలో లేచి, చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చాడు. వెనక గోడ దగ్గర నిలబడి ఆ తడి చెయ్యి పైకెత్తాడు. కౌన్సిలర్ చూసి, చూడనట్టు కాగితాలు తిప్పాడు. ఆయన చెయ్యి దించలేదు.