బొద్దింక కాలు ఇంకా ప్లేటులోనే ఉంది

రేపు పదకొండో తరగతికి చూపిద్దామని, ఈ మధ్యాహ్నం మా గని కాలనీ క్వార్టర్ వెనక వరండాలో బొద్దింక కాలు ఒకటి కోసి, ప్లేటులో పెట్టి, రెండు గుండుసూదులు గుచ్చి, వైర్లతో ఆంప్లిఫయర్ ఉన్న చిన్న స్పీకర్‌కు కలిపాను. పురుగుల కండరాన్ని కదిలించేది గ్లూటమేట్. నూడుల్స్‌లో వేసే అజినమోటోలో ఉన్నదీ అదే. అది తగిలితే కండరంలో పుట్టే కరెంటు స్పీకర్‌లో వినబడుతుంది. ఇరవై ఏళ్లుగా నేను చెప్పే పాఠమే, చేసి చూడటం మాత్రం ఇదే మొదలు.

అజినమోటో నీళ్లు సిరంజితో ఒక్క చుక్క ఎక్కించాను. స్పీకర్ పేలాలు వేయించినట్టు చిటపటలాడింది. తెగిన కాలు ముడుచుకుని తన్నింది. నేను గోడకు అతుక్కుపోయాను.

గిన్నెలు తోముతున్న లచ్చమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమెది తెలుగు సరిహద్దున ఉన్న కోంట వైపు.

"ఏందమ్మా అది?"

"చచ్చిన కాలే లచ్చమ్మా. దానికి నొప్పి తెలీదు."

"నొప్పి లేకుంటే ఎందుకట్ల మొత్తుకుంటాంది?"

నేను సిరంజి కింద పెడుతుండగానే స్పీకర్ చప్పున ఆగిపోయింది. మరుక్షణం కొండమీద గనిలో బ్లాస్టింగ్. కిటికీ అద్దాలు గడగడలాడాయి. రోజూ వినేదే అయినా ఇద్దరం ఒకరినొకరం గట్టిగా పట్టుకున్నాం.

లచ్చమ్మ కొండవైపే చూస్తూ మెల్లగా అడిగింది. "ఆ గుట్ట గూడ సచ్చిందేనా, టీచరమ్మా?"

రాత్రికి నూడుల్స్ మానేసి ఉప్మా చేశాను. ప్లేటులోని కాలును తీసి పారేసే ధైర్యం మా ఇద్దరికీ లేదు. మీరైతే ముట్టుకుంటారా?