సైకిల్ నాకు, కొలత నాన్నకు

వచ్చే నెల నా మొదటి సైకిల్ రేసు. ప్రాక్టీసుకి చవకలో ఒక రోడ్ సైకిల్ కొందామని ఈ రోజు నాన్నతో కొండాపూర్‌లో ఒక షాపుకు వెళ్లాను. ఫ్రేమ్ సైజు తేలాలంటే తొడ లోపలి వైపు నుంచి పాదం దాకా కొలవాలి. షాపతను టేపు తెచ్చి, నాన్న కాలు కొలవబోయాడు.

“తొక్కేది నేను గాదు తమ్మీ, నా బిడ్డ!” అన్నాడు నాన్న.

“మేడమ్‌కు ఎట్ల కొలుస్త అంకుల్? మీకన్న జర పొట్టిగున్నరు, గంతే గదా. జర సీటు దించుకుంటే అయిపాయె.”

సైజు తప్పితే మోకాళ్లు పోతాయి, ఇంకోటి కొనే స్తోమత నాకు లేదు. టేపు లాక్కుని, గోడకు ఆనుకుని నేనే కొలుచుకుని చెప్పాను.

“అంత చిన్న సైజు తెప్పియ్యం మేడమ్. ఆడోళ్లు కొనరు.”

చిన్న సైజు ఉంచే షాపు మీకెవరికైనా తెలుసా? ఆడవాళ్లు కూడా కొంటారని తెలిసిన షాపైతే మరీ మంచిది.