దావీదు సారు విజిల్

మెదక్‌లో కోతులను విజిల్‌తో తరమగలనని చెప్పుకున్న మనిషి దావీదు సారు ఒక్కడే. ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైనా, ఆ ఇత్తడి విజిల్ మెడ దిగలేదు. స్నానానికీ అదే, చర్చికీ అదే. ఒక ఆదివారం పాస్టరుగారి ప్రసంగం ఎంతకూ ఆగకపోతే సారు చెయ్యి విజిల్ మీదికి పోయింది. భార్య ఎలిశిబమ్మ గట్టిగా పట్టుకోబట్టి ప్రసంగం బతికింది.

పక్కింటి బాలలక్ష్మికి పెరట్లో జామచెట్టే ఆధారం. కాయలు బస్టాండులో అమ్మితేనే పొయ్యి వెలిగేది. పోయినేడు కోతులు పిందె కూడా మిగల్చలేదు. ఈసారీ కాయ పండబారగానే నలభై కోతులు గోడెక్కి కూర్చున్నాయి.

సారు విజిల్ ఊదాడు. కోతులు పారిపోలేదు, తోకలెత్తుకుని నేరుగా ఆయన ఇంటిమీదికే దూకాయి. వారం తిరిగేసరికి విజిల్ వినపడితే చాలు, చర్చి గోపురం మీదివి కూడా లైను కట్టి వచ్చేవి. ఆలస్యమైనవి తలొంచుకుని వెనక వరుసలో నిలబడేవి. పెంకులు పగిలాయి, గుమ్మడితీగ పోయింది, ఎలిశిబమ్మ చీర చింతచెట్టు ఎక్కింది.

"సారూ, ఎల్లగొడుతున్నరా, దావతుకు పిలుస్తున్నరా?" అన్నాడు ఎదురింటి భూమయ్య.

"డిసిప్లిన్ వచ్చేదాక జర ఓపిక పట్టాలె భూమయ్యా."

ఎలిశిబమ్మకు మాత్రం వేరే అనుమానం. సంచిలో పల్లికాయ తరిగిపోతోంది. ఒక పొద్దున పెరట్లోకి వెళ్లి చూస్తే, సారు నిచ్చెనెక్కి పెంకుల మీద పల్లికాయ చల్లుతున్నాడు. దిగి, మీసం దువ్వుకుని, విజిల్ ఊదాడు. జామచెట్టు మీది కోతులన్నీ ఇటు దూకాయి. అటు బాలలక్ష్మి నిమ్మళంగా కాయలు తెంపుకుంటోంది.

ఎలిశిబమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "భూమయ్య అన్నది నిజమేనన్నట్టు."

"మెల్లగ మాట్లాడు. ఆమెకు తెలిస్తే మొహమాట పడ్తది. ఊరంత నవ్వితే నవ్వనీ, కాయ నిలవాలె."

ఆ ఏడు ఆఖరి కాయ దాకా బస్టాండు చేరింది. బాలలక్ష్మి అన్నిట్లోకీ పెద్ద కాయ తెచ్చి సారు చేతిలో పెట్టింది. "పాపం, మీ ఇల్లు ఆగమైంది సారూ. నా చెట్టును దేవుడే కాపాడిండు" అంది. సారు ఆకాశం వంక చూసి భక్తిగా తలూపాడు. ఎలిశిబమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

మరుసటి ఏడు జామ పండబారిన రోజే సారుకు జలుబు చేసి ఊపిరాడలేదు. విజిల్ మాత్రం టైముకు మోగింది. భూమయ్య బయటికొచ్చి చూస్తే, నిచ్చెన మీద ఎలిశిబమ్మ, ఒళ్లో పల్లికాయ, నోట్లో విజిల్.

"గీమెకు గూడ సారు పిచ్చి అంటుకున్నది" అనుకుంటూ తలుపేసుకున్నాడు.