రుమాల్లో మూడు ఫ్యూజులు

తెర మీద ‘ఆగింది’ అనే మాట ఆకుపచ్చ అక్షరాల్లో కనపడాలని పట్టుబట్టింది నేనే. ఎరుపైతే చూసేవాళ్లు జడుసుకుంటారని ఆఫీసులో వాదించి మరీ గెలిచాను. అప్పట్లో వాదనలో గెలవడమంటే నాకు అన్నం తిన్నంత ఇష్టం.

రెండువేల దశకం చివరి రోజులు. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివి, హైదరాబాద్‌లో మోటార్ ప్యానెళ్లు తయారుచేసే చిన్న కంపెనీలో చేరాను. మా సరుకు అరచేతంత బోర్డు, దానికి వేలితో తాకే తెర. తెర మీద బొత్తాం నొక్కితే బోర్డులోని ఒక పిన్ను రిలే అనే చిన్న స్విచ్చిని కదిలిస్తుంది, రిలే మోటారును నడిపిస్తుంది. తెర మీద కనపడే ప్రతిదానికీ ప్రోగ్రాం రాసేది నేను. మొదటి బోర్డు ధరూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఎత్తిపోతల పంపుహౌసుకు, రెండోది పెద్దమందడికి, మూడోది నాగర్‌కర్నూల్ వైపుకు అనుకున్నాం.

ధరూర్ పంపుహౌసు ఆపరేటర్‌ను నేను కాకా అని పిలిచేదాన్ని. మా నాన్న వయసుంటుంది. ప్యానెల్ పైన గదిలో ఉంటుంది, మోటారు ఇరవై మెట్ల కింద గుంతలో ఉంటుంది. కింద ఏ పనున్నా ఆయన ముందు ప్యానెల్లోంచి మూడు తెల్ల పింగాణీ ఫ్యూజులు పీకేవాడు. తల రుమాలు విప్పి, వాటిని కొసన ముడేసి, నడుముకు బిగించుకుని అప్పుడు మెట్లు దిగేవాడు. పైన వదిలేస్తే ఎవరో ఒకరొచ్చి పెట్టేస్తారని భయం. ఆ ఒడ్డున ఉన్న ఆపరేటర్లందరిదీ అదే పద్ధతి.

“నా పానం నా నడుముకుండాలె బిడ్డా,” అనేవాడు.

ఆ ముడిని చూస్తే నాకు ఒళ్లు మండేది. బోర్డుకు కరెంటు అందేది కూడా ఆ ఫ్యూజుల నుంచే. ఆయన పీకినప్పుడల్లా తెర నల్లబడి, మళ్లీ లేవడానికి నిమిషన్నర పట్టేది. ప్రారంభం రోజు ఎత్తిపోతల రైతుల సంఘం పెద్దమనుషులంతా తెర ముందు నిలబడి ఉన్నప్పుడు, కింద ఏదో బిగించాలని ఆయన మోటారు ఆపి ఫ్యూజులు పీకాడు. తెర ఆరిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“ఏంది కాకా గిది! ఆగింది అని రాసుందా లేదా? నీకు చదువొస్తది గదా? మల్ల ఫ్యూజులెందుకు పీకినవ్? ఇగ ఎన్నడు పీకకు!”

అంతమందిలో అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. “నువ్వు చదువుకున్నదానివి బిడ్డా. నువ్వెట్ల చెప్తే గట్లనే చేస్త,” అని ఫ్యూజులు మళ్లీ పెట్టేశాడు. నాకు లోపల చల్లగా ఉంది, గెలిచాను కదా.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది, నాకు తెలుసు. ‘ఆగింది’ అని చూపేముందు ప్రోగ్రాం ఆ పిన్నును అడగాలి. బోర్డులో పిన్ను కూడా ఒక ఫైలులాగే ఉంటుంది, తెరిచి చదవాలి. నా ప్రోగ్రాం తెరవబోతే, రాయడానికే తప్ప చదవడానికి అనుమతి లేదంది బోర్డు. అనుమతి ఇప్పిస్తే, చదువుతున్నంతసేపూ తెర బిగుసుకుపోయి వేలు పెట్టినా పలికేది కాదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ప్రారంభం ముంచుకొచ్చింది. అడిగే లైన్లు తీసేశాను. చివరగా నొక్కిన బొత్తాం ఏదో దాన్నే చూపించమన్నాను. ప్రోగ్రాం అప్పుడే మొదలైతే ఎవరూ ఏదీ నొక్కి ఉండరు కనక ‘ఆగింది’ అనమన్నాను. తర్వాత తీరిగ్గా సరిచేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

వారం తర్వాత పెద్దమందడిలో రెండో బోర్డు బిగిస్తున్నాను. పొద్దున పదకొండు దాటింది. మోటారు ఇంకా కలపలేదు, బోర్డు బల్ల మీద ఉంది. ‘నడుపు’ నొక్కాను, రిలే మీద చిన్న ఎర్ర దీపం వెలిగింది. అంతలో కరెంటు రెప్ప కొట్టినట్టు పోయి వచ్చింది. తెర మళ్లీ లేచి ‘ఆగింది’ అంది. ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

మళ్లీ చేసి చూశాను. మళ్లీ అంతే. కరెంటు అలా కొట్టుకుంటే ప్రోగ్రాం ఒక్కటే కొత్తగా మొదలవుతోంది, పిన్ను మాత్రం ‘నడుపు’ మీదే ఉండిపోతోంది. ఫ్యూజులు పీకితే బోర్డు పూర్తిగా చచ్చి పిన్ను కూడా ఆగిపోయేది. అందుకే ధరూర్‌లో ఈ తప్పు ఎన్నడూ బయటపడలేదు. కాకా ముడే దాన్ని అన్నాళ్లూ కప్పి ఉంచింది. ఆ ముడి నేనే విప్పించాను.

అదే రోజు మధ్యాహ్నం ధరూర్‌లో కాకా మోటారుకూ పంపుకూ మధ్య అరిగిపోయిన రబ్బర్లు మారుస్తానన్నాడు. రెండు చేతులూ లోపలికి పెట్టి చేసే పని. మోటారు తిరగాలంటే త్రీఫేజ్ కరెంటు కావాలి, అది పోయాక మిగిలే సింగిల్ ఫేజ్ బోర్డుకు మాత్రమే సరిపోతుంది. పొద్దుటి త్రీఫేజ్ పోయాక మొదలుపెట్టి, రెండింటికి మళ్లీ వచ్చేలోపు ముగించాలి. మోటారు నడుస్తుండగా త్రీఫేజ్ పోయి, ఆ పోవడంలో కరెంటు ఒక్కసారి కొట్టుకుని ఉంటే చాలు. మోటారు కదలకుండా ఉంటుంది. తెర ఆకుపచ్చగా ఉంటుంది. రెండింటికి త్రీఫేజ్ వస్తుంది.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. గుంతలో సిగ్నల్ ఉండదని ఆయన ఫోన్ చొక్కా జేబులో పెట్టి పైన మేకుకు తగిలించేవాడు. సంఘం పెద్దమనిషి నంబరు కూడా నా దగ్గర ఉంది. ఆయనకు చేస్తే నేనేం చేశానో చెప్పాలి. ఎవరిదో బండి వెనక కూర్చుని వనపర్తి దాకా వెళ్లి, గద్వాల బస్సెక్కి, పెబ్బేరు దాటేదాకా ఆ నంబరు నొక్కలేదు. సిగ్గుపడుతూ రాస్తున్నాను. చివరికి నొక్కితే స్విచ్చాఫ్. బీచుపల్లి వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు కాకా ఫోన్‌కు మళ్లీ చేశాను. ఖాళీ గదిలో అది మోగుతున్నట్టు నాకు కనపడుతూనే ఉంది.

గద్వాలలో షేర్ ఆటో అతను బండి నిండేదాకా కదలనన్నాడు. ధరూర్ వెళ్లే బండి అతన్ని బతిమాలి ఎక్కాను. పంపుహౌసు చేరేసరికి రెండు కావస్తోంది. మేకుకు చొక్కా ఉంది. మొదటి మెట్టు మీద చెప్పులున్నాయి. ప్యానెల్లో మూడు ఫ్యూజులూ తెల్లగా, వరసగా, వాటి చోట్లోనే ఉన్నాయి. తెర ‘ఆగింది’ అంటోంది. లోపల ఎర్ర దీపం వెలుగుతోంది.

పక్కనే ఉన్న మెయిన్ స్విచ్చి దించాలని నాకు తోచనే లేదు. తెరలు తప్ప చేతిపని తెలియనిదాన్ని. మెట్ల దగ్గరికి పరుగెత్తి అరిచాను.

“కాకా! చేతులు తియ్యి! పైకి రా!”

“ఇంకొక్క రబ్బరే ఉన్నది బిడ్డా, అయిపోతది.”

“నీ కాళ్లు మొక్కుత, పైకి రా!”

గొణుక్కుంటూ, గ్రీజు చేతులతోనే మెట్లెక్కాడు. సగం మెట్లు ఎక్కాడో లేదో కింద మోటారు గుర్రుమంది. ఆయన దాని మీద పెట్టి వచ్చిన పానా ఎగిరి గోడకు తగిలి ఠంగుమంది. ఆయన ఆ మెట్టు మీదే ఆగిపోయాడు. ఒకసారి వెనక్కి చూశాడు. తర్వాత తన రెండు చేతుల వంక చూసుకున్నాడు.

గదిలోకి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. కింద మోటారు హోరు, ఎదురుగా ఆకుపచ్చగా ‘ఆగింది’. మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. తెర నల్లబడింది.

“గిది ఎవర్ని అడిగి చెప్తది మేడం?”

ఆయన నన్ను మేడం అనడం అదే మొదలు.

“ఎవర్ని అడగదు కాకా. అడిగే లైన్లు నేనే తీసేసిన.”

ఆయన మెట్ల వైపు చూశాడు. ఒక రబ్బరు ఇంకా మిగిలే ఉంది.

“ఫ్యూజులు నేను పట్టుకుంట కాకా. నువ్వొచ్చేదాక ఈడ్నే నిలబడ్త,” అని చెయ్యి చాచాను.

చాచిన చేతిని చూశాడు. తల రుమాలు విప్పాడు. మూడు ఫ్యూజులూ కొసన పెట్టి ముడేసి, నడుముకు చుట్టి, ముడిని ఇంకోసారి లాగి చూసుకుని మెట్లు దిగిపోయాడు.